తొట్టి బరువు

"ఇంకొంచెం బిగించు. అంత కాదే, ఊపిరాడొద్దూ నాకు!"

మా ఆయన నడుముకి బెల్టు కట్టడం పొద్దున నేను చేసే పనుల్లో ఐదోది. ఆయన గోడ వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు. నేను వెనక మోకాళ్ల మీద కూర్చుని బెల్టు రెండు కొసలూ లాగి అతికిస్తాను. ముడతలు సర్దుతాను. ఆయన బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్లు గుంతల రోడ్ల మీద కుదుపులు తిన్న నడుము అది. ఇంట్లో దానికి ఒక గౌరవం ఉంది. మెత్తటి కుర్చీ ఉంది, వేడినీళ్ల సంచి ఉంది, పూసే మందు ఉంది, ఏడాదికి పదిహేను రోజుల సెలవు ఉంది. "వాడి నడుం బాగున్నంత కాలమే ఈ ఇల్లు నిలబడేది" అంటుంది మా అత్తగారు. నిజమే కావచ్చు. ఆ బెల్టు కట్టి నేను పైకి లేవాలంటే మంచం కోడు పట్టుకోవాలి. ముందు కుడికాలు. తర్వాత ఎడమకాలు. తర్వాత ఊపిరి బిగబట్టి మిగతాది. ఆ మిగతాదాన్ని ఎవరి కంటా పడకుండా చేయడం నాలుగు నెలల్లో నాకు బాగా అలవాటైంది.

మొదట్లో ఒక్కసారి నోరు జారాను. "నాకూ నడుం లాగుతోందండీ" అన్నాను. ఆయన నవ్వాడు. "నువ్వేం బస్సు నడుపుతున్నావే?" అన్నాడు. అత్తగారు పక్క గదిలోంచి అందుకుంది. "ఆడదానికి నడుం నొప్పి, వానాకాలానికి బురద. ఉండక ఎక్కడికి పోతాయమ్మా? వీణ్ణి కన్న మూడో రోజే నేను బిందె ఎత్తాను." ఆ బిందె సంగతి నేను ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచి వింటున్నాను. మొదట్లో అది చిన్న బిందె. ఏడాదికేడాదీ పెరుగుతూ వచ్చింది.

మళ్లీ ఎప్పుడూ నేను నొప్పి మాట ఎత్తలేదు. ఎత్తితే నవ్వుతారని కాదు. నవ్వితే నవ్వారు. ఆ మాట ఎటు తిరిగీ నేను పనిచేసే చోటికి చేరుతుందేమోనని భయం.

నేను పనిచేసేది పెద్దాసుపత్రిలో బట్టలుతికే చోట. ఆసుపత్రి నేలకింద పొడవాటి గది. ఉతకడం యంత్రాలే చేస్తాయి. యంత్రంలోంచి తీసి తొట్టికెత్తడం, తొట్టిని ర్యాంపు మీదుగా పైన ఆరేసే డాబా దాకా మోయడం మేము చేస్తాం. ముప్పై మంది ఆడవాళ్లం. పదిహేను జోడీలు. తొట్టికి రెండు వైపులా రెండు పిడులుంటాయి. పై పిడి పట్టినామె వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చూస్తుంది. కింది పిడి పట్టినామె మీదికి బరువంతా వాలుతుంది. కింద ఎవరు, పైన ఎవరు అన్నది ఎవరూ చెప్పరు. అది జోడీ వాళ్ల సొంత సంగతి, మొగుడూ పెళ్లాల సంగతిలాగా.

నా జోడీ సన్నక్క. మనిషి సన్నం కాదు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఆవిడే ఎక్కువ నవ్వుకుంటుంది. నాకన్నా ఆరేళ్లు పెద్ద. మొగుడు మేస్త్రీ, మూడేళ్ల కిందట గోడ కడుతూ సారవ కర్రల మీంచి పడి మంచాన ఉన్నాడు. ఆ ఇంట్లో సంపాదన ఈవిడొక్కతే.

నాలుగు నెలల కిందట చూశాను. తొట్టి దింపి, నేను చూడట్లేదనుకుని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. అడగలేదు నేను. అడిగితే లేదంటుంది. ఆ రోజు నుంచి నేనే ముందు నడిచి కింది పిడి పట్టుకోవడం మొదలుపెట్టాను. నా నడుం అప్పటికే మొరాయిస్తోంది. అయినా పట్టాను. చిత్రమేమిటంటే ఆవిడ కూడా అప్పట్నుంచే కింది పిడికి పరుగెత్తడం మొదలుపెట్టింది. "నాకివ్వు పిల్లా, నేను బండలా ఉన్నాను కదా" అనేది. "నువ్వు పైకి పో అక్కా, దారి నీకే బాగా తెలుసు" అనేదాన్ని నేను. రోజుకి పద్నాలుగు తొట్లు. పద్నాలుగుసార్లు ఈ పోటీ. నాకు కోపం కూడా వచ్చేది. నేను మేలు చేద్దామంటే చేయనివ్వదేమిటి ఈవిడ అని.

సోమవారం సాయంత్రం సూపర్‌వైజరు అందర్నీ నిలబెట్టాడు. తాళాల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పుతూ మాట్లాడతాడు. ఆ చప్పుడు వింటే చాలు, చేసేది తప్పో ఒప్పో మా చేతులు ఇంకా గబగబా ఆడతాయి.

"రేపు వైద్య కాలేజీ నుంచి మనుషులొస్తున్నారు. నడుం నొప్పుల మీద పరిశోధనట. పనిచేసే చోట ఎవరికే జబ్బులొస్తాయో రాసుకుంటారట. రానివ్వండి. ఏమడిగినా లేదు అనండి. నొప్పుందా? లేదు. తిమ్మిరుందా? లేదు. నెలాఖరుకి కొత్త కాంట్రాక్టు. ముప్పై మంది కాదు, ఇరవై రెండు మందే. ఎవర్ని తియ్యాలా అని నేను జుట్టు పీక్కుంటున్నాను. మీ అంతట మీరే నొప్పని చెయ్యెత్తారనుకోండి, నాకా శ్రమ తప్పుతుంది."

అతనికి పీక్కోవడానికి జుట్టు లేదు. అయినా ఎవరూ నవ్వలేదు.

మర్నాడు వచ్చింది ఒక్క అమ్మాయే. కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోతుంటే మాటిమాటికీ పైకి తోసుకుంటోంది. మడతలు పెట్టే గదిలో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినే పిలిచింది. సూపర్‌వైజర్ని బయటికి వెళ్లమంది. వెళ్లాడు. కానీ ఆ గది తలుపుకి గడియ లేదు. తలుపవతల తాళాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"భయపడకండి అక్కా. పేర్లు రాయం. నంబర్లే" అంది.

ఒక కాగితం ఇచ్చింది. దాని మీద మనిషి బొమ్మ, వీపు చూపిస్తూ. నొప్పి ఎక్కడుంటే అక్కడ పెన్సిలుతో గీయమంది. ఆ బొమ్మ మగవాడిది. వెడల్పు భుజాలు, సన్నటి నడుము. చూస్తుంటే ఎప్పుడూ ఏమీ ఎత్తినవాడిలా లేడు. బొమ్మ కింద సున్నా నుంచి పది దాకా అంకెలు. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ఓర్చుకోలేం. ఎంతో దానికి సున్న చుట్టమంది. నేను సున్నాకే సున్న చుట్టాను. తొందరలో అది కోడిగుడ్డులా వచ్చింది. ఆ అమ్మాయి కాగితం చూసింది, నన్ను చూసింది. నేను కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాను. అదీ చూసింది. చూసిందని నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం సన్నక్క తన సంగతి చెప్పింది. "ఇంట్లో బరువులేమన్నా ఎత్తుతారా అనడిగింది ఆ పిల్ల. లేదమ్మా, ఇంట్లో ఏం బరువులుంటాయన్నాను. మీ ఇంట్లో ఎవరెవరుంటారంది. మా ఆయన మంచాన ఉన్నాడు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాను, పొద్దునా సాయంత్రం ఎత్తి కూర్చోబెడతానన్నాను. ఆయన ఎంతుంటాడంది. డెబ్భై కిలోలుంటాడేమోనన్నాను. మరి బరువులు లేవన్నారు కదా అంది." సన్నక్క టీ గ్లాసులోకి చూసింది. "ఆయన్ని బరువనుకోలేదే పిల్లా ఎప్పుడూ."

బుధవారం అదే అమ్మాయి తూకం తెచ్చింది. కొక్కేనికి తగిలించే తూకం, పైన గుండ్రటి ముల్లు. మా రిజిస్టరులో తొట్టికి ఇరవై ఐదు కిలోలని రాసి ఉంటుంది. ఎప్పుడో ఎవరో రాశారు, అదే నడుస్తోంది. తొట్టి తగిలించారు. ముల్లు ఇరవై ఐదు దాటింది, నలభై దాటింది, యాభై రెండు దగ్గర ఆగింది. తూకం పాడైందేమోనని ఆ అమ్మాయి ఇంకో తొట్టి పెట్టించింది. యాభై ఒకటి. ఇంకోటి. యాభై నాలుగు.

"మిగతాదంతా ఏమిటిది?" అంది.

"నీళ్లు" అంది యంత్రం దగ్గరి ముసలామె. "పిండే యంత్రం చెడిపోయింది కదమ్మా. చేత్తో పిండితే ఎంత పోతాయి?"

"ఎన్నాళ్లైంది చెడిపోయి?"

"నాలుగు నెలలు."

సూపర్‌వైజరు మధ్యలోకొచ్చాడు. "యంత్రానికి రాసి పంపాం మేడం. వస్తుంది. మీరు ఇరవై ఐదనే రాసుకోండి, రిజిస్టరులో అదే ఉంది."

ఆ అమ్మాయి ఏం రాసుకుందో నాకు కనిపించలేదు. నేను తొట్టిలోకి చూస్తున్నాను. పైనున్న దుప్పటి మూలన ఆకుపచ్చ గుర్తుంది. అది మూడో అంతస్తుది. నడుం నొప్పి వాళ్లని పడుకోబెట్టే వార్డు. రోజూ ఆ గుర్తు చూస్తూనే ఉన్నాను. వాళ్లు పడుకుని లేచిన దుప్పట్లు మోసీ మోసీ మేమిలా అయ్యామని ఎప్పుడూ తోచలేదు. తోచినా ఎవరితో అంటాం?

తర్వాత ఆ అమ్మాయి మా జోడీని పిలిచింది. "మీరు రోజూ ఎలా మోస్తారో అలాగే మోయండి. నేను చూస్తానంతే."

ర్యాంపు మొదట్లో తొట్టి ఉంది. ఇద్దరం వెళ్లాం. ఇద్దరం కింది పిడి వైపే వెళ్లాం. భుజాలు గుద్దుకున్నాయి. "జరుగు పిల్లా" అంది సన్నక్క పళ్లబిగువున. "నువ్వు జరుగక్కా" అన్నాను. పై పిడి దగ్గర ఎవరూ లేరు. వెనకున్న జోడీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"రోజూ కింద ఎవరు పట్టుకుంటారు?" అంది ఆ అమ్మాయి.

"నేనే" అన్నాం ఇద్దరమూ.

ఆ అమ్మాయి కళ్లద్దాలు పైకి తోసుకుంది. ముందు సన్నక్కని పక్కకి తీసుకెళ్లి ఏదో అడిగింది. తర్వాత నన్ను. "కింది పిడి పట్టుకుంటే బరువెక్కువ కదా. మరి మీరెందుకు పట్టుపడతారు?"

ఆలోచించి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. అలవాటనేదాన్ని. ఆ అమ్మాయి గొంతు మెత్తగా ఉంది. నాలుగు నెలల్లో నన్నెవరూ ఎందుకు అని అడగలేదు. నోట్లోంచి ఊడిపడింది. "సన్నక్కకి నడుం నొప్పండీ. పాపం, చెప్పుకోదు."

వెనక తాళాల చప్పుడు ఆగింది.

తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు. ఆ చప్పుడు ఆగిందంటే అతను విన్నట్టే.

ఆ రోజు మిగిలిన తొట్లు ఎలా మోశానో నాకు గుర్తు లేదు. సన్నక్క ముఖం చూడలేకపోయాను. ఆవిడ కూడా నాతో మాట్లాడలేదు. ఈవిడకి తెలిసిపోయిందా? తెలిస్తే తిట్టాలి కదా. తిట్టినా బావుండును. ఇంటికెళ్లాను. గిన్నెలు తోముతున్నాను, నేల తుడుస్తున్నాను, అత్తగారికి మంచినీళ్లిస్తున్నాను, చేతులు వాటి పాటికవి తిరుగుతున్నాయి, లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఎనిమిది మంది. తీసేసే ఎనిమిది మందిలో ఒకరి పేరు నేనే చెప్పాను. నా నొప్పిని మాత్రం సున్నాలో దాచుకున్నాను, గుడ్డులాగా. నా దానికి నోరు మూసుకుని ఆవిడ దాన్ని బజారున పెట్టాను. జాలి అనుకున్నాను. జాలి కూడా చూసుకుని పడాలి, ఎవరు వింటున్నారో, తలుపుకి గడియ ఉందో లేదో. రేపు ఆవిడ్ని తీసేస్తే ఆ మంచంలో మనిషికి మందెవరు తెస్తారు? నేను తుమ్మబోయి గోడ పట్టుకున్నాను. తుమ్మంటే ఈ మధ్య నాకు ప్రాణభయం. మోకాళ్లు వంచి, గోడకి ఆనుకుని తుమ్మాలి. లేకపోతే నడుంలో కత్తి దిగుతుంది.

"ఏమే, ఆ నొప్పుల వాళ్లొచ్చారట కదా. నువ్వేం రాశావు?" అన్నాడు మా ఆయన, కుర్చీలో వేడినీళ్ల సంచి సర్దుకుంటూ.

"లేదని రాశాను."

"మంచి పని చేశావు. పిచ్చి రాతలు రాసి ఉద్యోగం పోగొట్టుకోకు. నా ఒక్కడి మీదా ఎట్లా గడుస్తుంది?"

ఇదే మనిషి చుట్టాలొస్తే "మా ఆవిడేదో కాలక్షేపానికి వెళ్తుంది, నాలుగు బట్టలుతికి వస్తుంది" అంటాడు. అప్పుడది కాలక్షేపం. పోతుందంటే ఉద్యోగం. ఈ మాట నాకు కొత్తగా తోచిందేమీ కాదు. కానీ ఆ సాయంత్రం తుడుపు గుడ్డ పిండుతుంటే చేతుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎంత పిండినా కారుతున్నాయి. ఒక్క గుడ్డకే ఇన్ని నీళ్లా అనుకున్నాను. యాభై రెండు. అందులో సగం పైగా నీళ్లు. నాలుగు నెలలు. నా నడుం మొదలై నాలుగు నెలలు. సన్నక్క కళ్లు మూసుకుని నిలబడింది నాలుగు నెలల కిందట. నేను వయసనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్లకే వయసేమిటని లోపల్లోపల సిగ్గుపడ్డాను కూడా. రోజుకి పద్నాలుగు తొట్లు, ఒక్కో దాంట్లో ఇరవై ఏడు కిలోల నీళ్లు, ఎవరికీ అక్కర్లేని నీళ్లు, డాబా మీద ఎండకి ఆవిరైపోయే నీళ్లు. వాటినా మేము మోస్తున్నది?

తుడుపు గుడ్డ కింద పెట్టేశాను. "నేల సగమే తుడిచావేం?" అంది అత్తగారు. "సగం చాలు అత్తయ్యా ఇవాల్టికి" అన్నాను. ఆవిడ నన్ను జ్వరమొచ్చిందా అన్నట్టు చూసింది.

గురువారం పొద్దున యంత్రాలు తిరక్కముందే సూపర్‌వైజరు మా ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. గది అంటే చెక్కల గూడు. అందులోంచి చూస్తే తొట్ల వరస కనిపిస్తుంది. మమ్మల్ని నిలబెట్టి తను కూర్చున్నాడు.

"నిన్న సరదాగా విన్నాను మీ జోడీ కచేరీ" అన్నాడు. నా వైపు చూశాడు. "నువ్వేమో ఆవిడకి నొప్పంటావు." సన్నక్క వైపు తిరిగాడు. "నువ్వేమో ఈవిడకి నొప్పి, అందుకే కింది పిడి నేను పడతానని ఆ పిల్ల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నావు. ఏమ్మా, అసలెవరికి?"

నేను సన్నక్కని చూశాను. ఆవిడ నేల చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. నాకప్పుడు అర్థమైంది నిన్నంతా నాతో ఎందుకు మాట్లాడలేదో. నేనెందుకు మాట్లాడలేదో అందుకే. ఆవిడ కూడా ఏ క్షణాన్నో నన్ను గోడ పట్టుకోగా చూసి ఉంటుంది. అడిగితే లేదంటానని అడగకుండా కింది పిడికి పరుగెత్తి ఉంటుంది. ఇద్దరం ఒకళ్ల బరువు ఒకళ్లు లాక్కోవాలని నాలుగు నెలలు కొట్టుకున్నాం. ఎవరు గెలిచినా నీళ్లు మాత్రం ఒక్క చుక్క తగ్గలేదు.

"చూడండమ్మా" అన్నాడతను. ఇప్పుడు గొంతు మెత్తబడింది. మెత్తబడినప్పుడే ఎక్కువ భయం. "ఇద్దర్నీ తియ్యాలని నాకేం సరదా కాదు. మీ జోడీలో ఒకరు నాకు చాలు. మీలో మీరు మాట్లాడుకుని ఒక పేరు చెప్పండి. మిగిలినావిడకి ఏ ఢోకా లేదు. నేను పూచీ."

సన్నక్క నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. తన పేరే చెప్తుంది. ఆ మంచం, ఆ మందులు, అన్నీ ఉన్నా తన పేరే చెప్తుంది. కింది పిడి పట్టినట్టే. ఇంకో క్షణం ఆగితే నేనూ నా పేరు చెప్తాను. మళ్లీ భుజాలు గుద్దుకుంటాం. అతను కుర్చీలో కూర్చుని చూస్తాడు. ఎవరు గెలిస్తే వాళ్ల పేరు రాసుకుంటాడు. ఇల్లు గుర్తొచ్చింది, మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది, నా ఒక్కడి మీదా ఎట్లా గడుస్తుందన్న మాట గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి గానీ దేనికీ నన్ను అక్కడ నిలబెట్టే బలం లేదు.

సన్నక్క చెయ్యి పట్టుకున్నాను. "రా అక్కా" అన్నాను.

బయటికొచ్చాం. మా తొట్టి ర్యాంపు మొదట్లో ఉంది, రాత్రి డ్యూటీ వాళ్లు నింపి పెట్టింది. అంచు దాకా తడి దుప్పట్లు. నేను ఒక దుప్పటి తీసి ఖాళీ తొట్టిలో వేశాను. ఇంకోటి తీశాను. సన్నక్క కాసేపు నన్ను చూసింది. అవతలి వైపు నుంచి తనూ తీయడం మొదలుపెట్టింది. యంత్రాల దగ్గరి వాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఆ కళ్లద్దాల అమ్మాయి అప్పుడే మెట్లు దిగి వస్తోంది, చంకలో కాగితాలతో.

సూపర్‌వైజరు వెనకే వచ్చాడు. తాళాలు తిరగడం లేదు. పిడికిట్లో ఉన్నాయి.

"ఏం చేస్తున్నారే మీరు? రెండుసార్లు మోస్తారా? పని ఎప్పటికి తెములుతుంది? నేనడిగిందానికి జవాబేది? నొప్పి ఎవరికి? నీకా, ఆవిడకా?"

సగమైన తొట్టిని ఇద్దరం పైకెత్తాం. ఈసారి కింది పిడి దగ్గర ఎవరూ కొట్టుకోలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మాకు కాదు సార్. నొప్పి తొట్టిలో ఉంది. సగం తీశాం, చూడండి."